ఇల్లు లేని బిల్డు

చెన్నై రాయపురంలో ఇంట్లో ల్యాప్‌టాప్ మీద చక్కగా బిల్డయిన ప్యాకేజీ బిల్డ్ సర్వర్‌లో ఫెయిలైతే చాలామంది ముందు సర్వర్‌నే తిడతారు. కానీ చాలాసార్లు సర్వర్ చెప్పేదే నిజం. సొంత మెషీన్‌లోని హోమ్ డైరెక్టరీలో ఏళ్లుగా పోగైన సరుకు ఉంటుంది. మావెన్ ఎప్పుడో దించుకున్న జార్ ఫైళ్లు, ఎన్‌పీఎం క్యాష్, గిట్ సెట్టింగులు, ఒక్కోసారి రహస్య టోకెన్లు. బిల్డు వాటిలో దేన్ని చూసి గట్టెక్కిందో ప్యాకేజీ తయారుచేసినవాళ్లకే తెలియదు.

అందుకే నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్, బిల్డు సమయంలో హోమ్‌ను ‘/హోమ్‌లెస్-షెల్టర్’ అనే, డిస్కులో ఎక్కడా లేని చోటికి చూపిస్తుంది. అలాంటిదే అయిన గీక్స్‌ది కూడా అదే దారి. డెబియన్‌లో ప్యాకేజీలు బిల్డ్ చేసే ఎస్‌బిల్డ్ కూడా ఉనికిలో లేని డైరెక్టరీనే హోమ్‌గా ఇస్తుంది. బిల్డు హోమ్‌లో ఏమీ రాయకూడదని డెబియన్ పాలసీ సూటిగా చెబుతుంది. చెన్నైలో సీ-డాక్ తయారుచేసి 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్‌కి పునాది ఈ డెబియనే. తెలుగులో వాడుకునే వీలున్న ఆ సిస్టమ్‌కి ఆధారమైన ప్యాకేజీల వెనక ఈ కట్టుబాటు ఉంది.

నిక్స్ ఇంకో అడుగు ముందుకేసింది. శాండ్‌బాక్స్ లేకుండా నడిచిన బిల్డు ఏదైనా ఆ డైరెక్టరీని నిజంగానే సృష్టిస్తే, దాన్ని తీసేయమని చెప్పి ఆగిపోతుంది. మొండితనంలా కనిపిస్తుంది గానీ, ఇంత పట్టుదల అవసరమే.

చిక్కు టెస్టుల దగ్గర వస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కి సెట్టింగుల ఫోల్డర్ కావాలి, ఫాంట్‌కాన్ఫిగ్‌కి క్యాష్ కావాలి, గో బిల్డ్ కమాండ్‌కి క్యాష్ చోటు తెలియకపోతే పని మొదలే కాదు. అప్పుడు టెస్టులు ఆపేయడం తేలిక, కానీ తప్పు. ఆ ఒక్క దశకి ముందు ఖాళీ తాత్కాలిక డైరెక్టరీని సృష్టించి హోమ్‌గా చూపించడమే సరైన పద్ధతి. డెబియన్ ప్యాకేజింగ్ సాధనం డెబ్‌హెల్పర్ 13వ కంపాట్ స్థాయి నుంచి రాయడానికి వీలైన హోమ్‌ను తానే అమర్చిపెడుతోంది. దీనివల్ల శ్రమ తగ్గింది, పాత సరుకూ లోపలికి రాదు. అయితే ఏ ప్రోగ్రామ్ హోమ్‌లో చెయ్యి పెడుతోందో ఇక కనిపించదు. ఆ సమాచారం పోవడం చిన్న నష్టం కాదు.

రాయపురంలోనైనా రాజమండ్రిలోనైనా, ప్యాకేజీ అప్‌లోడ్ చేసే ముందు ఒక్కసారి హోమ్‌ను లేని చోటికి మార్చి బిల్డు చేయండి. ఫెయిలైతే వెంటనే తాత్కాలిక డైరెక్టరీ ఇచ్చేయకుండా, ముందు ఆ లాగ్ పూర్తిగా చదవండి.