భాగవత మేళ ధ్వనిముద్రణము - విడిచిన వచనము

తంజావూరు సీమలోని మేలట్టూరున నరసింహ జయంతి వేడుకలలో ప్రదర్శించు భాగవత మేళ నాటకములు తెలుగు రచనలు. వానిలో మేలట్టూరు వేంకటరామశాస్త్రిగారి ప్రహ్లాద చరిత్రము ప్రసిద్ధము. ఆట రాత్రివేళ మొదలై చాలసేపు సాగును. ఇట్టి నాటకమును ఆడుచోటనే ముద్రించువారు ఏమి పట్టిరో గాక, ఏమి విడిచిరో కూడ విమర్శకుడు పరిశీలింపవలెను.

టేపుల కాలమున ఈ విషయమును చాలవరకు రీలే నిర్ణయించెను. 1200 అడుగుల టేపు సెకనుకు 7½ అంగుళముల వేగమున 32 నిమిషములలో ముగియును. ఎనిమిది గంటల ఆటకు పదునైదు రీళ్లు కావలెను. రీలు మార్చునంతలో రంగమున జరిగినది దక్కదు. కావున దరువులను పట్టి, నడిమి సంధివచనములను, సంవాదములను విడుచుట పొదుపుగా తోచుట సహజమే. మరియొక చిక్కు కలదు. బ్యాటరీ నీరసించి టేపు మందగించినచో, పిమ్మట సరియైన వేగమున విన్నపుడు శ్రుతి హెచ్చి వినబడును. అట్టి ప్రతిని నమ్మి గాయకుని శ్రుతిని నిర్ణయించుట తగదు.

డిజిటల్ యంత్రమున ఈ చిక్కులు చాలవరకు తొలగినవి. సెకనుకు 48,000 నమూనాలతో, 24 బిట్లతో, రెండు మార్గములలో ముద్రించినను గంటకు సుమారు ఒక గిగాబైటే పట్టును. ఆట యంతయు చిన్న కార్డులో ఇముడును. అయితే దీనికిని దోషము లేకపోలేదు. మృదంగపు దెబ్బ హద్దు మీరినపుడు టేపు కొంత మెత్తగా అణచికొనును. డిజిటల్ ముద్రణమున ధ్వని ఒక్కసారిగా తెగి కరకరలాడును. కావున ముందే స్థాయిని తగ్గించి యుంచవలెను. ధ్వనివర్ధకముల తీగనుండి మాత్రమే నాదమును గ్రహించినచో, మైకునకు దూరమైన నటుని మాటయు, గజ్జెల సవ్వడియు, ప్రేక్షకుల స్పందనయు లోపించును. రంగమున కెదురుగా రెండు మైకులను వేరుగా నిలుపుట మేలు.

రీలు కొరత తీరినను పాటలను మాత్రమే ఏరికొను అలవాటు పోకున్నచో, అది యంత్రదోషము కాదు, దృష్టిదోషము. పాటలో రాగతాళములు అక్షరమును సాగదీసి ఉచ్చారణమును మరుగుపఱచును. వచనమున నాలుక దాగదు. తమిళ లిపిలో వ్రాసికొని తెలుగు నేర్చిన నటుడు క, గ, ఘ లను ఎట్లు వేరుచేయునో, ఏ పదమున ఇంటి పలుకుబడి నిలుపుకొనెనో తెలిపెడిది ఆ సంవాదమే. తమిళదేశపు తెలుగు ఎట్లు పలుకబడినదో ముందుతరము వారు తెలిసికొనుటకు అదియే ఆధారము.

ప్రకటించు ప్రతిని సౌకర్యము కొలది కత్తిరింపవచ్చును. మూలముద్రణమును మాత్రము తెర లేచినది మొదలు మంగళము వరకు తెంపక, రెండు మూడు చోట్ల భద్రపఱుపవలెను.