మదర్‌బోర్డు పోయిందనే ముందు

ఈ వారం నాకు ఒళ్లు మండించిన మాట ఒకటుంది: 'మదర్‌బోర్డు పోయింది, పడేయండి'. సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్‌లో జిరాక్సు, డీటీపీ షాపు నడుపుకునే అమ్మాయికి ఒక మెకానిక్ ఇచ్చిపోయిన తీర్పు అది. కేబినెట్ మూత తీసింది లేదు, లోపలికి తొంగిచూసింది లేదు. బటన్ నొక్కాడు, ఫ్యాన్ తిరిగింది, మానిటర్ మీద బొమ్మ రాలేదు, అంతే. 'పెండ్లిళ్ల సీజన్ సార్, గిప్పుడు కొత్తది యాడికెళ్లి తేవాలె?' అని ఆ అమ్మాయి అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు. ఆ మెకానిక్ దగ్గర మాత్రం కొత్తదాని కొటేషన్ తయారుగా ఉంది.

ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ బోర్డు, రెండో తరం ఐ3 ప్రాసెసర్, విండోస్ 7. మన మండలాల్లో డీటీపీ షాపులను ఏళ్ల తరబడి మోసిన జాతి ఇది. ఆన్ చేయగానే ఆగి ఆగి బీప్ మని అరుస్తోంది. బోర్డు నిజంగా పోయి ఉంటే ఆ అరుపు కూడా రాదు. ర్యామ్ దొరకడం లేదని బోర్డే నోరు తెరిచి చెబుతోందన్నమాట. వైరు పీకి, ర్యామ్ పట్టీ తీసి చూస్తే, బంగారు రంగులో ఉండాల్సిన దాని అంచు పత్తి దుమ్ముతో నల్లబడి ఉంది. పిల్లలు వాడే రబ్బరుతో రెండు వైపులా మెల్లగా తుడిచి, స్లాటులో దుమ్ము ఊది, రెండు చెవులూ టక్కుమనేదాకా నొక్కితే బొమ్మ వచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు, అసలు అక్కడ మొదలు కాలేదు కూడా. తెర మీద తేదీ చూస్తే పన్నెండేళ్లకు పైగా వెనక్కి వెళ్లి ఉంది. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ, సీఆర్2032, ఎప్పుడో చచ్చిపోయింది. మూడు వోల్టులు ఇవ్వాల్సిన బిళ్ల మీటరు పెడితే రెండు కూడా చూపించడం లేదు. మెయిన్ స్విచ్ ఆపిన ప్రతిసారీ బోర్డు తన గడియారం మరిచిపోతోంది. తేదీ తప్పయితే బ్యాంకు సైట్లు, ప్రభుత్వ సైట్లు తెరుచుకోవు. ప్రతి సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లే ధ్రువపత్రం ఉంటుంది. కంప్యూటర్ పాత సంవత్సరంలో ఉంటే అది ఇంకా మొదలే కాలేదనుకుంటుంది.

నెట్ రావడం లేదని ఆ అమ్మాయి చెబితే, ఎవరో వచ్చి వైరస్ అన్నారు, ఫార్మాట్ కొట్టారు. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైళ్లు సీ డ్రైవ్‌తో పాటే పోయాయి. నెట్, సౌండ్, ప్రింటర్ డ్రైవర్లు పోయాయి. డ్రైవర్ల కోసం కేబినెట్‌ను మోసుకెళ్లి తిప్పి తెచ్చేసరికి ర్యామ్ కదిలింది, బొమ్మ పోయింది. చివరికి 'మదర్‌బోర్డు పోయింది'. యాభై రూపాయలు కూడా చేయని బిళ్ల ఒకటి చచ్చిపోతే ఒక షాపు మూతపడేదాకా వచ్చింది.

ఈ కాలమ్ ఎప్పటినుంచో చదివేవాళ్లకు నా వాదన తెలుసు. రిపేరు అంటే ముందు కనుక్కోవడం, తర్వాతే మార్చడం. ఆ పాఠం నాకు సికింద్రాబాద్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎదుట మొదలయింది. విండోస్ ఎక్స్‌పీ రోజులవి. కొనడానికి వెళ్లినవాళ్లు షాపుల్లోకి పోయేవాళ్లు. నేను రిపేరు బల్లల దగ్గర నిలబడేవాణ్ని. అక్కడ ఒక పెద్దాయన స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ముక్కు పట్టేవాడు. ఎస్‌ఎంపీఎస్ అనే, కరెంటు అందించే డబ్బా జాలీ దగ్గర వాసన చూసి, కాలిందో లేదో చెప్పేవాడు. తర్వాత కళ్లు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతా వచ్చిన చాలా బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు పడ్డాయి. లోపలి ద్రావణం చెడి, గ్యాసు పుట్టి, డబ్బాల తలలు ఉబ్బేవి. తల మీద అడ్డంగా, నిలువుగా గాట్లు ఉండేది అందుకే, పగిలితే అక్కడే పగలాలని. ఆయన బోర్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, వరుసలో ఏ తల చదునుగా లేదో చూసేవాడు. దాని బదులు వేసేది అంతే మైక్రోఫారడ్లు, అంతే వోల్టేజీ లేదా కాస్త ఎక్కువ, తెల్ల చార ఉన్న వైపు నెగెటివ్. కాలిన వాసన, కొత్త టంకం వాసన, బోర్డుకు మళ్లీ ప్రాణం.

తర్వాత ఎస్‌ఎంపీఎస్ పరీక్ష. బోర్డు నుంచి పెద్ద కనెక్టర్ పీకి, ఆకుపచ్చ తీగకూ నల్ల తీగకూ మధ్య చిన్న వైరు ముక్క వేస్తే ఫ్యాన్ తిరగాలి. పసుపు మీద 12 వోల్టులు, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3 ఉండాలి. పరీక్ష బయటి నుంచే. ఆ డబ్బా మూత మాత్రం తీయనిచ్చేవాడు కాదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

ఒక్కసారికి ఒక్కటే మార్చు అనేవాడు ఆయన. రెండు కలిపి మారిస్తే మిషన్ బాగుపడుతుంది కానీ జబ్బేమిటో ఎప్పటికీ తెలియదు. ఆ బల్ల దగ్గర నేను నేర్చుకున్నదే ఇన్నేళ్లుగా ఈ కాలమ్‌లో రాస్తున్నాను.

ఎర్తింగ్ మాట మళ్లీ ఎత్తుతున్నాను, అవసరం ఇంకా తీరలేదు కాబట్టి. దౌల్తాబాద్ షాపులో కూడా కేబినెట్ తాకితే చెయ్యి జిల్లుమంది. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు గోల వడకట్టే చిన్న కెపాసిటర్లు రెండు ఇనుప డబ్బాకే కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు నేలలోకి పోతుంది, లేకపోతే డబ్బా మీదే కూర్చుంటుంది. గోడ సాకెట్‌లో మూడో రంధ్రం ఉంది, దాని వెనక వైరు లేదు. గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు వేసి, నీళ్లు పోసి ఎర్త్ లాగించమని షాపు గది ఓనరుకు గట్టిగా చెప్పించాను.

ఇక డ్రైవర్ల సంగతి. నెట్ డ్రైవర్ కావాలి, అది నెట్‌లో ఉంది, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. బోర్డుతో వచ్చిన సీడీ ఎప్పుడో కొట్టుకుపోయింది. ఫోనులో దించుకుని కేబుల్‌తో ఎక్కించొచ్చు, కానీ ఏది దించాలి? 'ల్యాన్ డ్రైవర్' అని వెతకడం, ఉత్తరం మీద ఉట్టి 'దౌల్తాబాద్' అని రాసి డబ్బాలో వేయడం లాంటిదే. వికారాబాద్ జిల్లాలో ఇంకో దౌల్తాబాద్ ఉంది, మహారాష్ట్రలో కోట ఉన్న దౌలతాబాద్ ఉంది. చిరునామా మిషన్‌లోనే ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్నదాని మీద నొక్కి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్. మొదటి నంబరు తయారీదారుది: 10ఈసీ అంటే రియల్‌టెక్, 8086 అంటే ఇంటెల్. 1978లో తెచ్చిన ప్రాసెసర్ నంబరునే ఇంటెల్ తన గుర్తుగా పెట్టుకుంది. అది కనిపించినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. రెండో నంబరు ఆ పరికరానిది. ఇక్కడ 10ఈసీ, 8168 అని ఉంది. రియల్‌టెక్ గిగాబిట్ ల్యాన్. విండోస్ 7తో వచ్చిన డ్రైవర్‌కు ఈ చిప్ తెలియదు. ఆ రెండు నంబర్లు పట్టుకుని వెతికితే అసలు డ్రైవర్ దొరికింది. 'అన్ని డ్రైవర్లూ ఒకేసారి' అనే ప్యాకుల జోలికి పోవద్దు. వాటి వెంట వచ్చే చెత్తను వదిలించుకోవడానికి మళ్లీ ఫార్మాటే.

ప్రింటర్ హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. ఆన్ చేసిన ప్రతిసారీ దాని ఫర్మ్‌వేర్‌ను కంప్యూటరే పంపాలి, అందుకే డ్రైవర్ లేకపోతే అది ఉట్టి డబ్బా. డ్రైవర్ ఎక్కాక, డీ డ్రైవ్‌లో మిగిలిన పాత లగ్గం పత్రిక ఒకటి అచ్చు కొట్టి చూశాం. చిరునామాలో 'మెదక్ జిల్లా' అని ఉంది. 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా కాకముందుది. అను ఫాంట్లలో కొట్టి, పేజ్‌మేకర్‌లో పేర్చింది. అను లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటి కనిపించదు, ఇంగ్లిషు అక్షరాల కుప్ప. ఈ మిషన్ పోతే ఇందులోని పత్రికలు, కరపత్రాలు, దరఖాస్తుల మూసలన్నీ చదవరానివైపోతాయి.

బల్ల మీద ఇంకో కట్ట ఉంది, నా కళ్లు దాని మీద పడ్డాయి. జనం ఇచ్చిపోయిన ఆధార్ నకళ్లు, బ్యాంకు పాసుబుక్కులు, పట్టా పుస్తకాలు. ఇవన్నీ ఈ మిషన్‌లోనే స్కాన్ అవుతాయి, ఈ మిషన్ నుంచే నెట్‌లోకి ఎక్కుతాయి. విండోస్ 7కు 2020 జనవరి 14తో భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14న గడువు తీరింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, రెండో తరం ఐ3కి ఆ దారి లేదు. పాతది పడేయొద్దని రాస్తూ వచ్చిన నేను, ఊరి జనం కాగితాలను అందులో పెట్టమని చెప్పలేను. తాళం లేని గదిలో వాళ్ల పాసుబుక్కులు పెట్టే హక్కు నాకు గానీ ఆ అమ్మాయికి గానీ లేదు.

'బిడ్డా, మొదట డీ డ్రైవ్ మొత్తం రెండు చోట్ల కాపీ తీయి' అన్నాను. ఆన్‌లైన్ పనికి సెకండ్‌హ్యాండ్‌లోనైనా ఎనిమిదో తరానికి తగ్గని మిషన్ చూడాలి. అందాకా కావాలంటే ఇంట్లో మూలన ఉన్న ఇంకో పాత డబ్బాలో లైనక్స్ వేసి నడపొచ్చు. అప్‌డేట్లు వస్తాయి, రియల్‌టెక్ ల్యాన్‌కు డ్రైవర్ దానిలోనే ఉంటుంది. ఈ పాతది అను, పేజ్‌మేకర్, 1020 ప్రింటరు, ఈ మూడింటికే. కొత్తగా కొట్టే పత్రికలు యూనికోడ్‌లో కొట్టాలి. పాతవాటిలో అడిగినవాటిని అడిగినప్పుడు మార్చుకోవాలి.

'మరి గంతసేపు ఎతికి నెట్ డ్రైవర్ ఏసినం కద సార్?' అంది. వేశాం. అది పనిచేస్తోంది కాబట్టే ల్యాన్ కేబుల్ పీకేసి, డివైస్ మేనేజర్‌లో ఆ పరికరాన్ని డిసేబుల్ చేసి వచ్చాను.