బోనుకు ముందు సందు

వానలు పట్టగానే ఇళ్లలోకి చిట్టెలుకలు చేరతాయి. బయట కలుగుల్లోకి నీళ్లొస్తాయి. మన వంటిల్లేమో పొడిగా, వెచ్చగా ఉంటుంది, తిండీ దొరుకుతుంది. వాటి రాకకు అంతకుమించి కారణం లేదు. వచ్చాక వాటిని మనం వదిలించుకునే తీరే నాకు మింగుడుపడదు.

మా ఊళ్లో ఇంటింటికీ ఒక చెక్క బోను ఉండేది. కాల్చిన ఎండుకొబ్బరి ముక్కనో, మిగిలిన పకోడీనో కొక్కేనికి గుచ్చి రాత్రి పెడితే తెల్లారేసరికి ఎలుక పడేది. బోనును అలాగే నీళ్ల బకెట్‌లో ముంచేవాళ్లు. ఇప్పుడు ఆ బోను అటకెక్కింది, జిగురు అట్ట వచ్చింది. కిరాణా కొట్లో సబ్బుల పక్కనే దొరుకుతుంది. దాని మీద కాలు వేసిన జీవి కదిలేకొద్దీ మరింత అతుక్కుపోతుంది. చర్మం ఊడి వస్తుంది. కొన్ని తమ కాలు తామే కొరుక్కుంటాయి. దాహంతో, అలసటతో గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా దాటి, ప్రాణం పోతుంది. చాలామంది అంతసేపు చూడలేక అట్టను మడిచి, బతికున్న ఎలుకతో సహా చెత్తబుట్టలో వేస్తారు. బల్లులూ అంటుకుంటాయి, బాల్కనీలో పెడితే పిచ్చుకలూ అంటుకుంటాయి.

జంతువులను అనవసరంగా హింసించడం మన దేశంలో 1960 నాటి చట్టం ప్రకారం నేరం. జిగురు అట్టలను ఆపమని భారత జంతు సంక్షేమ బోర్డు రాష్ట్రాలను కోరింది. ఇంగ్లండ్‌లో 2022లో చేసిన చట్టం 2024 జులై నుంచి అమల్లోకి వచ్చింది. లైసెన్సు లేనివాళ్లు అక్కడ ఎలుకల కోసం జిగురు అట్ట పెడితే నేరమే. మన కొట్లలో మాత్రం ఇంకా బేరం సాగుతూనే ఉంది. ఎక్కడైనా అంటుకున్న జీవి కనిపిస్తే లాగకండి. చేతికి మందపాటి గ్లౌజు వేసుకుని, జిగురు పట్టిన చోట వంటనూనె కొద్దికొద్దిగా రాస్తూ పోతే మెల్లగా విడివడుతుంది.

ఎలుకల మందు సంగతి ఇంకా ఘోరం. బ్రోమాడియోలోన్ బిళ్ల తిన్న ఎలుక వెంటనే చావదు. ఒంట్లో రక్తం గడ్డకట్టే గుణం పోయి, లోలోపల రక్తం కారి, కొన్ని రోజులకు చస్తుంది. ఈలోపు తూలుతూ తిరిగే ఆ ఎలుకను పిల్లి పట్టుకుంటుంది, గుడ్లగూబ ఎత్తుకెళ్తుంది. ఎలుకలను అదుపులో ఉంచే ప్రాణులకే ఆ విషం చేరుతుంది. పసుపు భాస్వరం కలిసిన పేస్టు అయితే మనుషుల ప్రాణాలే తీస్తుంది. పిల్లలు తెలియక నోట్లో పెట్టుకున్నా, పెద్దలు క్షణికావేశంలో మింగినా కాలేయం పాడవుతుంది, దానికి విరుగుడు లేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పుపెట్టుకోవడమంటే ఇదే.

మరి ఎలుకల్ని ఉండనివ్వాలా? వద్దు. అవి ధాన్యంలో మూత్రం పోస్తాయి, తీగలు కొరుకుతాయి, రోగాలు తెస్తాయి. ఇరవై రోజులకో ఈత, ఈతకు ఐదారు పిల్లలు, ఆ పిల్లలు నెలన్నరకే ఎదకొస్తాయి. ఈ లెక్క తెలిసినవాళ్లకు బోను ఒక్కటే చాలదని అర్థమవుతుంది. పట్టిన ఎలుక చోటుకు ఇంకోటి వస్తుంది. అందుకే నేను బోనుకన్నా ముందు సందు చూడమంటాను. దయ అనేది ఇక్కడ తాపీపనితో మొదలవుతుంది.

చిట్టెలుకకు ఆరు మిల్లీమీటర్ల సందు చాలు. పెన్సిల్ పట్టేచోట అదీ పట్టవచ్చు. సింకు కింద పైపు గోడలోకి వెళ్లేచోటు, గ్యాస్ గొట్టం కోసం కొట్టిన కన్నం, ఏసీ పైపుల రంధ్రం, వాకిలి తలుపు కింద వెలుతురు కనిపించే ఖాళీ, బాత్రూం తూము, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చుట్టూ ఉన్న జాగా చూడండి. చీకట్లో టార్చి వేసి, నేలకు కళ్లు ఆనించి చూస్తే తప్ప ఇవి దొరకవు. మా ఇంట్లో పని చేసిన మేస్త్రీ "గాజుపెంకులు కలిపి కొట్టేద్దామండీ, మళ్లీ ఇటు చూడవు" అన్నాడు. మన ఊళ్లలో పాత పద్ధతే అది. వద్దని, గిన్నెలు తోమే స్టీలు పీచు కూరి పైన సిమెంటు పెట్టించాను. పీచును కొరకడం ఎలుక వల్ల కాదు, నోరు చీరుకునే పనీ లేదు.

మూసే ముందు ఒకటి తప్పక చెయ్యాలి. ఆ కన్నంలో పాత పేపరు ఉండచుట్టి వదులుగా పెట్టండి. రెండు మూడు రాత్రులు పేపరు కదలకపోతే లోపల ఎవరూ లేనట్టే, మూసెయ్యవచ్చు. కదిలిందంటే గూడు ఉండవచ్చు, పిల్లలూ ఉండవచ్చు. వాటిని గోడలో సజీవసమాధి చెయ్యడం కన్నా కొన్నాళ్లు ఆగడం మేలు. సిమెంటు పొద్దున్నే పెట్టించండి, చీకటిపడేలోగా గట్టిపడుతుంది.

ఇక తిండి. రోజుకు మూడు గ్రాములు దొరికితే చిట్టెలుక బతికేస్తుంది. పొయ్యి వెనక రాలిన పోపుగింజలు కూడా దానికి భోజనమే. మన పెద్దలు పాలూ పెరుగూ ఉట్టిమీద పెట్టింది ఊరికే కాదు, పిల్లికీ ఎలుకకూ అందకుండా. ఇప్పుడు ఉట్టి లేకపోయినా స్టీలు డబ్బాలున్నాయి. బియ్యం సంచిని మూతి కట్టి మూలన నిలబెట్టడం మానేస్తే సగం పని అయినట్టే.

ఆ తర్వాతే ఇంట్లో మిగిలినవాటికి బోను. చిట్టెలుక మీసాలు గోడకు తాకిస్తూ నడుస్తుంది కాబట్టి గోడ వారనే పెట్టాలి. ఎరగా వేరుశనగ గుళ్లు చాలు. పడుకునే ముందోసారి, తెల్లవారుతూనే ఇంకోసారి చూడాలి, ఎందుకంటే ఇరవై గ్రాముల ప్రాణి ఆకలికీ దాహానికీ ఎక్కువసేపు ఆగలేదు. పడగానే పైన గుడ్డ కప్పితే బెదురు తగ్గుతుంది. దూరంగా పొలాల్లో వదిలేస్తే పుణ్యమని చాలామంది అనుకుంటారు. తెలియని చోట దానికి కలుగు ఉండదు, దాపు ఉండదు, చాలావరకు చచ్చిపోతుంది. కొన్ని మీటర్ల పరిధిలోనే తిరిగే జీవి అది. సందులన్నీ మూశాక, మన ప్రహరీ లోపలే చెట్ల దగ్గర, చీకటిపడ్డాక వదలడం నయం.

ముక్కు కోసుగా ఉండి, చిక్‌చిక్‌మంటూ, కంపు కొడుతూ గోడ వారన పోయేది ఎలుక కాదు, చుంచు. బొద్దింకలను తింటుంది. బోనులో పడితే వెంటనే వదిలెయ్యండి.

కొన్నిచోట్ల చంపక తప్పదు. చంటిపిల్లలున్న ఇంట్లో ఎలుకల బెడద ముదిరిపోతే నేనూ కాదనను. అప్పుడు స్ప్రింగు పట్టీ మెడ మీద పడే గట్టి ఉచ్చు వాడండి, క్షణంలో అయిపోతుంది. నీళ్లలో ముంచడం, జిగురు, విషం మాత్రం నా దృష్టిలో ఎప్పటికీ సమర్థించలేనివి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఒక మనవి. ఒక్క ఫ్లాటు సందులు మూస్తే ఎలుక పక్క ఫ్లాటుకు పోతుంది. పైపుల షాఫ్టు, చెత్తగది, సెల్లారు అందరివీ. వచ్చే సంఘ సమావేశంలో వాటి మరమ్మతుకు డబ్బు కేటాయించమని అడగండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లతో ఒప్పందం చేసుకునేటప్పుడు, జిగురు అట్టలు వాడకూడదన్న షరతును కాగితం మీద రాయించండి.