సిసిలీ, నీ ఉప్పు తిన్నవాళ్లు

నిన్ను ఏలడానికి ఎంతమంది వచ్చారు సిసిలీ! ఫినీషియన్లు పడవలేసుకుని వచ్చారు. గ్రీకులు వచ్చి గుళ్లు కట్టుకున్నారు. రోమన్లు నీ గోధుమలతో కడుపు నింపుకున్నారు. అరబ్బులు 827లో నీ రేవున దిగారు, నార్మన్లు 1072లో పలెర్మో పట్టుకున్నారు, ఆ తర్వాత స్పెయిన్ రాజులు. అందరి జెండాలూ దిగిపోయాయి, వాళ్ల వంటలు మాత్రం నీ పొయ్యి మీద నుంచి దిగలేదు. నిన్ను గెలిచామనుకున్నవాళ్లంతా చివరికి నీ వంటింట్లో ఒదిగిపోయారు.

అందుకే నీ దగ్గరికి ఆకలితో రావాలి.

పలెర్మోలో నీ బల్లరో బజారు పొద్దున్నే గొంతు సవరించుకుంటుంది. అమ్మేవాళ్ల కేక పాటో పోట్లాటో తేల్చుకునేలోగానే చేతిలో పొట్లం పడుతుంది. శనగపిండిని జావగా ఉడికించి, పరిచి ఆరబెట్టి, పలుచగా కోసి నూనెలో వేయించిన పనెల్లె. నువ్వులద్దిన రొట్టె మధ్య పెట్టి, నిమ్మచెక్క పిండి ఇస్తారు. నిలబడే తినాలి, వేళ్లు కాలుతుండగా తినాలి. పక్కనే కుంకుమపువ్వు రంగు అన్నాన్ని ఉండకట్టి, రొట్టెపొడిలో దొర్లించి వేయించిన అరాన్చీనె. (శాకాహారులు అడిగి మరీ కొనుక్కోవాలి. చాలావాటి కడుపులో మాంసం దాగి ఉంటుంది, వెన్నతో చేసినదన్నా సరే.)

వంకాయ సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. మన వైపు పుట్టి, పర్షియా దాటి, అరబ్బుల చేతుల మీదుగా నీ తోటల్లోకి నడిచొచ్చిన వంకాయ అది. దాన్ని వేయించి, ఆలివ్‌లూ కేపర్లూ సెలరీ చేర్చి, వెనిగర్ పులుపుకు చక్కెర తీపి జత చేసి కపొనాతా అన్నావు. వేడిగా వడ్డించవు, చల్లారనిచ్చి పెడతావు. నిమ్మ, నారింజ, చెరకు కూడా అరబ్బులు తెచ్చినవే. తెచ్చినవాళ్ల రాజ్యం పోయి దాదాపు వెయ్యేళ్లవుతోంది, పులుపూ తీపీ ఇంకా ఒకే గిన్నెలో కాపురం చేస్తున్నాయి.

పలెర్మోలో నార్మన్ రాజు రెండవ రోజర్ అరమనలోని ప్రార్థనా మందిరంలో తల ఎత్తి చూసినా అదే కాపురం. గోడల మీద బైజాంటియం బంగారు మొజాయిక్‌లు, పైన అరబ్బు శైలిలో చెక్కిన కొయ్య కప్పు, కింద లాటిన్ ప్రార్థన. ఆ రాజు కొలువులోనే అల్ ఇద్రీసీ అనే అరబ్బు పండితుడు 1154లో భూగోళ గ్రంథం పూర్తి చేశాడు. పలెర్మో దగ్గరి త్రబియా ఊళ్లో పిండితో దారాల్లాంటి వంటకం చేసి ఓడల్లో ఎగుమతి చేస్తారని అందులో రాశాడు. పాస్తా చరిత్రలో నీ పేరు అంత పాతది.

నీ పేదరికానికి కూడా రుచి ఉంది తల్లీ. సార్డీన్ చేపలు, అడవి సోంపు ఆకు, ఎండుద్రాక్ష కలిపిన పాస్తా మీద చీజ్ చల్లే స్తోమత లేనివాళ్లు వేయించిన రొట్టెపొడి చల్లుకున్నారు. ఇవాళ పెద్ద హోటళ్లలో అదే పొడికి డబ్బు పోసి తింటారు. 1646 కరువులో సెయింట్ లూసీ పండుగనాడు ధాన్యపు ఓడ వచ్చిందనీ, పిండి పట్టించేదాకా ఆగలేక జనం గోధుమల్ని అలాగే ఉడికించుకు తిన్నారనీ చెబుతారు. ఇప్పటికీ డిసెంబరు 13న పలెర్మోలో రొట్టె, పాస్తా ముట్టరు. ఉడికించిన గోధుమల్లో తీపి రికోట్టా జున్ను కలిపిన కుచ్చీయా తింటారు.

పడమటి కొసన త్రాపని. అక్కడ చేపల పులుసుతో కుస్‌కుస్, సముద్రం పక్క ఉప్పు మళ్లు, మళ్ల గట్ల మీద గాలిమరలు, పెంకులు కప్పుకున్న తెల్లని ఉప్పు కుప్పలు. నిన్ను ఏలినవాళ్లందరూ తిన్న ఉప్పు అది. తూర్పున సిరాకూజాలో, ఒర్తీజియా దీవి మీద, ఎథీనా గుడి స్తంభాలు క్రైస్తవ ప్రధాన దేవాలయం గోడల్లోంచి ఇంకా భుజాలు చూపిస్తూనే ఉన్నాయి. తవొర్మీనా అందగత్తెనని తెలిసిన అందగత్తె. గ్రీకు రంగస్థలం చూసి, భోజనం వేళకు ఇంకో ఊరు చేరుకోవడం మేలు.

ఇక కతానియా! నల్లరాతి ఊరు. 1669లో ఎట్నా అగ్నిపర్వతపు లావా ఊళ్లో కొంత ముంచింది, 1693లో భూకంపం కూల్చింది. ఆ లావా రాతినే తొలిచి మళ్లీ ఊరు కట్టుకున్నారు, కూడలిలో నల్ల ఏనుగును నిలబెట్టారు. అక్కడి వీధి కియోస్క్‌లో సోడా, నిమ్మరసం, ఉప్పు కలిపి గ్లాసు చేతికిస్తారు. మండుటెండలో అది గొంతు దిగుతుంటే తెలుగువాడికి గోళీసోడా బండి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. పొద్దుటి ఫలహారం బాదం గ్రనీతా అనే మంచు తీపి, దాంతో మెత్తని బ్రియోష్ రొట్టె. ఒకప్పుడు ఆ చల్లదనం కోసం ఎట్నా మంచును గుంతల్లో దాచి, వేసవిలో కొండ దించేవారు. నిప్పు కక్కే కొండే మంచూ ఇచ్చింది. 3,300 మీటర్లు దాటిన ఆ ఎత్తుకు దిగువ వాలుల్లో, నల్ల బూడిద నేలలో నెరెల్లో మస్కలేజె ద్రాక్ష పండుతుంది. ఆ ఎర్ర వైన్‌లో పొగ వాసన ఉందంటారు కొందరు. నాకు కొండగాలే తగులుతుంది. కొండ చుట్టూ తిరిగే చిన్న రైలెక్కితే పిస్తాలకు పేరుపడ్డ బ్రొంతె ఊరు వస్తుంది.

నీ దగ్గరికి వచ్చేవాళ్లతో ఒక మాట చెప్పనీ. ఆగస్టు నడిమధ్య రాకండి, అప్పుడు ఇటలీ అంతా సెలవు పెట్టి సముద్రం ఒడ్డునే ఉంటుంది. మే గానీ సెప్టెంబరు గానీ మంచిది. కతానియా చేపల బజారుకు పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి సర్దేస్తారు. కనోలి అనే కరకరలాడే తీపి గొట్టాల్ని మాత్రం ముందే నింపి అద్దాల పెట్టెలో పేర్చిన కొట్టులో కొనకండి. మెత్తబడిపోతాయి. మీరు అడిగాక, మీ కళ్లముందు రికోట్టా కూరి ఇచ్చే కొట్టు దొరికేదాకా నడవండి.