గాజు పలకల్లో దొరికే మనుషులు

పాత కోటల, గుళ్ల ఫొటోలు చేతికొస్తే నేను ముందు కట్టడాన్ని చూడను. మెట్ల దగ్గరో, స్తంభం పక్కనో ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని వెతుకుతాను. పందొమ్మిదో శతాబ్దిలో శిథిలాలను ఫొటో తీసేవాళ్లు తరచూ కొలత కోసం ఒక మనిషిని నిలబెట్టేవారు. గోడ ఎంత ఎత్తో చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోయేది. అలా అడుగుబద్దగా వాడుకున్న మనిషికి తలపాగా ఉంటుంది, ఎగ్గట్టిన పంచె ఉంటుంది, కెమెరా వంక చూడాలా వద్దా అన్న తటపటాయింపు కూడా ఉంటుంది. పేరు మాత్రం ఉండదు.

రాజా దీన్‌దయాళ్ ఇలాంటి ఫొటోలతోనే పైకొచ్చాడు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరాడు. ముప్ఫయ్యో ఏట కెమెరా పట్టాడు. లెపెల్ గ్రిఫిన్ అనే ఇంగ్లీషు దొర వెంట మధ్య భారతమంతా తిరిగి కట్టడాలను చిత్రించాడు. ఆ చిత్రాలతో పుస్తకం 1886లో వచ్చింది. ఆ తిరుగుడులో ఓర్ఛా కూడా ఉంది. బుందేలా రాజులు 1783లోనే అక్కడి నుంచి రాజధానిని తరలించుకుపోయారు. కెమెరా చేరేసరికి ఆ మహళ్లు దిక్కూమొక్కూ లేకుండా వందేళ్లుగా పడి ఉన్నాయి.

డ్రాయింగ్ బల్ల దగ్గర అలవాటైన కన్ను ఆ చిత్రాల్లో తెలిసిపోతుంది. గోడలు నిటారుగా ఉంటాయి. ఎత్తైన కట్టడం కోసం కెమెరాను పైకెత్తితే గోడలు వెనక్కి వాలినట్టు పడతాయి. (మన ఫోన్లలో గాలిగోపురాలు అలా పడిపోతున్నట్టు కనిపించేది అందుకే.) పెద్ద పలక కెమెరాలో పెట్టెను సమంగానే ఉంచి, లెన్స్ బిగించిన ముందు చెక్కను మాత్రం పైకి జరపవచ్చు. నల్లగుడ్డలో తల దూర్చి చూస్తే గరుకు చేసిన అద్దం మీద మహలు తలకిందులుగా కనబడుతుంది. అంచులు సరిచూసుకుని, అద్దం స్థానంలో గాజు పలక పెట్టి, లెన్స్ మూత తీసి, లెక్కపెట్టి, మళ్లీ మూయాలి. కదిలినదంతా చెదిరిపోతుంది. గాలికి ఊగిన కొమ్మ, తోక ఆడించిన గుర్రం మసకబారిపోతాయి, రాయి నిలుస్తుంది.

తర్వాతి పని ఎండలో. కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణంతో తడిపి ఆరబెట్టిన కాగితాన్ని గాజు నెగటివ్‌కు ఆనించి చట్రంలో బిగించి ఎండలో పెట్టేవారు. పలక ఎంతో ఫొటో అంతే. పెద్దది చేయడం ఉండదు కాబట్టి వివరం చెదరదు. భూతద్దం పెడితే షేర్వాణీ గుండీలు లెక్కపెట్టుకోవచ్చు, గడప దగ్గర వదిలిన చెప్పులు చూడవచ్చు. డబ్బిచ్చినవాడు అడగని సంగతులు కూడా ఇలా పలక మీదికి ఎక్కేశాయి. నా మటుకు ఈ ఫొటోల అసలు విలువ అక్కడుంది.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దీన్‌దయాళ్‌ను ఆస్థానంలోకి తీసుకున్నాడు, 1894లో ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. దర్బారు గ్రూపు ఫొటోల్లో కొలువు లెక్కంతా కనిపిస్తుంది: ఎవరికి కుర్చీ, ఎవరు వెనక నిలబడాలి, ఎవరు తివాచీ మీద కూర్చోవాలి. ఎవరూ నవ్వరు. దానికి ఎక్స్‌పోజర్ ఒక్కటే కారణమనుకోను. ఆ రోజుల్లో ఫొటో దిగడమంటే కొలువులో కూర్చోవడం లాంటిదే.

1902లో వరంగల్ దగ్గర నెక్కొండలో వైస్రాయ్ కర్జన్ దంపతులు చచ్చిన పులితో దిగిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. వేటగాడి పేరు చరిత్రకెక్కింది. అడవిలో డప్పులు కొట్టి పులులను తుపాకుల ముందుకు తోలేవాళ్ల పేర్లు ఏ ఫొటో కిందా రాయలేదు.

రెండు పనులను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కళలోని మంచీ చెడూ రెండూ తెలుస్తాయి. 1892లో దీన్‌దయాళ్ ఘోషా స్త్రీల కోసం హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల ఫొటో తీసేది ఒక ఇంగ్లీషు మహిళ. పరాయి మగవాడి కంట పడకుండా బేగములు తమ రూపాన్ని తామే కోరి తీయించుకోగలిగారు. కొన్నేళ్లకు పెద్ద కరవు వచ్చింది. 1899-1900లో ఔరంగాబాదు వైపు నిజాం ప్రభుత్వం నడిపిన సహాయక పనులను కూడా దీన్‌దయాళ్ స్టూడియోయే ఫొటోలు తీసింది. సర్కారు చేసిన మేలు చూపించడానికి తీయించినవవి. వాటిలో నాకు కనిపించేది మాత్రం ఎముకల గూళ్లయిన మనుషులు. అదే ఓపిక, అదే గాజు పలక. గోడలు కట్టించి మరీ బేగముల ఇష్టాన్ని కాపాడినట్టు, ఫొటో దిగుతారా అని ఆ పస్తుల మనుషులను ఎవరైనా అడిగి ఉంటారా అంటే, నాకు నమ్మకం లేదు.