పిన్ను ఉండాల్సిన చోట రాగి తీగ

దసరా పొద్దున బండి కడుగుతున్నాను. పసుపు, కుంకుమ, చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు అరుగు మీద పళ్లెంలో ఉన్నాయి. డీజిల్ గుడ్డతో వెనక చక్రం దగ్గర మడ్డి తుడుస్తుంటే వేలికి ఏదో గుచ్చుకుంది. వంగి చూశాను. బ్రేకు ప్లేటును పట్టి ఉంచే టార్క్ రాడ్డు నట్టుకు స్ప్లిట్ పిన్ను ఉండాలి. ఆ బెజ్జంలో రాగి తీగ ఉంది. కరెంటు వైరులోంచి లాగిన సన్నపోగులు నాలుగు మెలిపెట్టి, కొసలు మడిచారు. నాలుగింట్లో మూడు తెగిపోయి ఉన్నాయి. నట్టును వేళ్లతో తిప్పితే తిరిగింది.

ఆ రాడ్డు చేసే పని చిన్నది కాదు. బ్రేకు తొక్కగానే లోపలి షూలు తిరుగుతున్న డ్రమ్మును ఒరుసుకుంటాయి. డ్రమ్ము వాటిని, వాటితోపాటు ప్లేటునూ తనతో లాక్కుపోవాలని చూస్తుంది. పోనివ్వకుండా ఆపేది ఆ ఒక్క రాడ్డే. నట్టు ఊడి రాడ్డు జారిందంటే ప్లేటు చక్రంతోపాటు తిరిగిపోతుంది, బ్రేకు కడ్డీ మెలిపడుతుంది, చక్రం ఉన్నపళంగా పట్టేస్తుంది. అలా కాకూడదనే నట్టుకు గాట్లు పెట్టి, అడ్డంగా పిన్ను దూర్చి, దాని కాళ్లు విడదీసి వంచుతారు. టీ ఖరీదు కూడా చేయని ఇనుప ముక్క అది.

మా ఇల్లు గద్వాలలో, ఉద్యోగం వనపర్తిలో, అక్క వాళ్లు నాగర్‌కర్నూల్‌లో. 2016 దసరా నాడు ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాక నా తిరుగుడు ఇంకా పెరిగింది. ఎర్రవల్లి చౌరస్తాలో హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరులో వనపర్తి వైపు మళ్లుతాను. ముందురోజు సాయంత్రమే భార్యనూ కూతురినీ వెనక కూర్చోబెట్టుకుని ఆ వంతెన మీదుగా వచ్చాను. ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగితే గట్టిగా బ్రేకు తొక్కాను. వెనకాల లారీ ఉంది. ఆ మూడు పోగుల్లో ఏది అప్పుడు తెగిందో.

పూజ సంగతి పక్కనబెట్టి, పీట వేసుకుని బండి ముందు కూర్చున్నాను. పదకొండేళ్లుగా నడుపుతున్న స్ప్లెండర్ అది. దాన్ని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదని ఆ రోజే తెలిసింది. చైను బిగువు సరిచూసుకోవడానికి వెనక ఇరుసుకు రెండు పక్కలా గాట్లు గుర్తులుగా ఉంటాయి. రెండు వైపులా ఒకే గాటు దగ్గర ఉండాలి. నా బండికి ఎడమవైపు మూడో గాటు, కుడివైపు నాలుగోది. చక్రం అంత మేర వంకరగా పోతోందన్నమాట. ఆయిల్ బోల్టు తల ఆరు మూలలూ అరిగి గుండ్రంగా తయారైంది. సరిపడని పానా వేసి, అది జారుతుంటే ఇంకా బలం పెట్టి తిప్పారు. దాని కింద కొత్త వాషర్ వెయ్యలేదేమో, ఆయిల్ చెమ్మ దుమ్ముతో కలిసి నల్లగా గడ్డకట్టింది. సైడు డబ్బా స్క్రూ నెత్తిన ప్లస్ గుర్తు పోయి గుంట మిగిలింది. ఇవన్నీ ఒక్కరు చేసినవి కాకపోవచ్చు. కానీ ఒక్కో చెయ్యి ఎక్కడ తొందరపడిందో ఇనుము దాచిపెట్టుకుంది.

మా వీధిలో మగ్గాలున్నాయి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. కొంగు వచ్చేచోట నూలు పోగులకు పట్టు పోగులను ఒక్కొక్కటిగా చేత్తో అతుకుతారు. చిన్నప్పుడు గంటల తరబడి కూర్చుని చూసేవాణ్ణి. ఒక్క పోగు తప్పిపోయినా నాలుగు వేళ్లు నేసేసరికి బట్టలో సందు కనబడుతుంది, నేసే మనిషికే ముందు కనబడుతుంది. బండి పని అలాంటిది కాదు. మూత బిగించాక మంచి పనీ చెడ్డ పనీ ఒక్కలాగే ఉంటాయి. కిక్కు కొడితే రెండూ స్టార్టవుతాయి. అందుకే ఆ పనిలో నిజాయితీ ఇంకా ఎక్కువ కావాలని నాకు అనిపిస్తుంది.

మర్నాడు మెల్లగా, వెనక బ్రేకు ముట్టకుండా వనపర్తి దాకా నడిపి మెకానిక్ చాచా దగ్గరికి తీసుకెళ్లాను. పాత రాజుల మహల్‌లో 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్‌కు కాస్త దూరంలో ఆయన షెడ్డు. ఆయన ఏ కాలేజీలోనూ చదవలేదు. తీగను పటకారుతో లాగి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"తెల్వక చేసిండంటే నేర్పొచ్చు సార్. వీనికి తెల్సు. పిన్ను ఉండాలెనని తెల్సు కాబట్టే తీగ చుట్టిండు" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఎప్పుడో చదివిన ఒక విమానం సంగతి గుర్తొచ్చింది. 1990 జూన్ 10న బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ముందు అద్దం గాల్లోనే ఊడిపోయింది. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ నడుం దాకా బయటికి లేచిపోతే సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు. కోపైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దింపాడు. అందరూ బతికారు, కెప్టెన్ కూడా. అంతకు 27 గంటల ముందే ఆ అద్దం మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికంటే సన్నవి, తక్కిన ఆరు పొట్టివి. బిగించినవాడు పని రానివాడేమీ కాదు, అనుభవం ఉన్న మనిషి. పాత బోల్టు పక్కన కొత్తది పెట్టి కంటితో పోల్చి తీసుకున్నాడు. కేటలాగు తెరిచి చూడలేదు. రాత్రి షిఫ్టు, మనుషులు తక్కువ, తెల్లారేసరికి విమానం సిద్ధం కావాలి. తేడా అంగుళంలో వెయ్యింట 26 వంతులు. "నడుస్తది" అనే మాట తెలుగులోనే కాదు, అన్ని భాషల్లోనూ ఉందని అప్పుడనిపించింది.

ఆ తీగ చుట్టిన పిల్లాడి మీద నాలుగు రోజులు కోపంగా ఉన్నాను. షాపు హైవే పక్కన, పేరు చెప్పను. పిల్లాడికి ఇరవై కూడా ఉండవు. ఐదో రోజు రాత్రి ఆ పని చేయించిన పూట గుర్తొచ్చింది. నేను ఫోన్లో ఉన్నాను. ఆఫీసుకు ఆలస్యమవుతోంది. వాడు చక్రం దగ్గర కూర్చుని, డబ్బాలో చెయ్యి పెట్టి వెతుకుతూ, "అన్నా, పిన్ను..." అని తలెత్తాడు. నేను ఫోను చెవి దగ్గర నుంచి తియ్యకుండానే, కానియ్యి కానియ్యి అన్నట్టు చెయ్యి ఊపాను. ఆ తర్వాత వాడేం చేశాడో చూడలేదు. దబాయించి తొందరపెట్టేవాడికి దొరికేది తీగే. అంతమాత్రాన వాడి తప్పు తప్పు కాకుండా పోదు. పిన్ను లేదు, బండి ఇవ్వను అనే ధైర్యం ఆ చేతికి ఎవరో ఒకరు ఇచ్చి ఉండాల్సింది. వాడి యజమాని ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

చాచా షెడ్డులో పద్ధతి వేరు. విప్పిన ప్రతి నట్టూ విప్పిన వరసలోనే అల్యూమినియం పళ్లెంలో పెడతాడు. పాత పిన్ను ఎంత బాగున్నా మళ్లీ వాడడు. ఒకసారి వంచి తీసిన కాలు రెండోసారి వంచితే విరుగుతుందంటాడు. బిగించడం అయ్యాక బ్రష్షు తెచ్చి, నట్టు మీదుగా ఇనుము మీదికి ఒక తెల్లరంగు గీత గీస్తాడు. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే నట్టు కదిలిందని లెక్క, పానా తెలియనివాళ్లకు కూడా కనబడుతుంది. ఇంటికొచ్చాక మా అమ్మాయి గోళ్లరంగు అడిగి తీసుకుని, తక్కిన నట్ల మీద నేనూ గీశాను.

ఆ పూట గుర్తొచ్చిన మర్నాడు, వనపర్తి నుంచి వచ్చే ముందు హార్డ్‌వేర్ దుకాణంలో మూడు సైజుల స్ప్లిట్ పిన్నులు ఒక పొట్లం కొన్నాను. తిరుగు దారిలో హైవే పక్కన ఆ షాపు ముందు ఆగాను. పిల్లాడు నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. పొట్లం వాడి చేతిలో పెట్టి, జేబులోంచి ఆ రాగి తీగ తీసి చూపించాను. "బ్రేకు రాడ్డుకు ఇది ఉంది తమ్ముడూ" అన్నాను. వాడు తీగ వైపు చూశాడు, నా వెనక చక్రం వైపు చూశాడు. ఏమీ అనలేదు. పొట్లం విప్పి, సైజు ప్రకారం పిన్నులు మూడు డబ్బాల్లో వేరుగా పోశాడు. తర్వాత, అప్పుడే బిగించి పక్కన నిలబెట్టిన ఇంకెవరిదో బండి దగ్గరికి పోయి, వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, నట్టు చుట్టూ వేలు పెట్టి తడిమాడు.