సగంలో ఆగిన గూడు

ఊడ్పులు ముగిసి చేలు పచ్చబడ్డాక మా కాలువ గట్టు తాళ్ల మీద గిజిగాళ్లు పని మొదలుపెడతారు. నాలుగేళ్లుగా నా ఆగస్టు ఆదివారాలు ఆ చెట్ల కిందే గడుస్తున్నాయి. పక్షుల కోసం కొల్లేరూ నేలపట్టూ ఉప్పలపాడూ నేనూ తిరిగాను. అక్కడ గూడబాతుల గుంపుల్ని చూస్తే కడుపు నిండుతుంది. కానీ ఒక పనిని మొదటి పోగు నుంచి చివరిదాకా కూర్చుని చూడాలంటే ఈ గట్టే మేలు. పాత బైనాక్యులర్, గొడుగు, ఫ్లాస్కులో టీ ఉంటే పూట గడిచిపోతుంది.

కొత్తగా వచ్చినవాళ్లు తలెత్తి గూళ్లనే చూస్తారు. ముందు చేలోకి చూడండి. పసుపు తల, ముదురు గోధుమరంగు ముసుగు వేసుకున్న మగపిట్ట వరి ఆకు మొదలు దగ్గర వాలి, అంచున ముక్కుతో చిన్న గాటు పెడతాడు. గాటు దగ్గర లేచిన పోగును కరిచిపట్టుకుని రివ్వున ఎగిరిపోతాడు. ఆ ఊపుకే పోగు కొసదాకా చీలి వాడి వెంట వెళ్లిపోతుంది. ఆకులో ఈనెలు నిలువుగా ఉంటాయి కాబట్టి చీలిక పక్కదారి పట్టదు. ఒక్కో పోగు 20 నుంచి 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. తాటాకు మీదా కొబ్బరాకు మీదా ఇదే కిటుకు. ఎండుపోచ వాడికి పనికిరాదు, వంచితే పుటుక్కున విరుగుతుంది. పచ్చిది చెప్పినట్టు వంగి, ఆరాక ఆ ఒంపులోనే బిగుసుకుంటుంది.

మొదటి ముడి నాకు రెండేళ్ల పాటు కంటికి ఆనలేదు, అంత చురుకు. పోగు ఒక కొసను కాలి కింద తొక్కిపెడతాడు. రెండో కొసను తాటాకు చుట్టూ తిప్పి, తొక్కిపెట్టిన పోగు కిందుగా దూర్చి, అవతలి నుంచి లాగుతాడు. అలాంటివి పదుల కొద్దీ పడ్డాక ఒక గట్టి పీట తయారవుతుంది. మొత్తం గూడు బరువు, లోపల తల్లీ పిల్లలతో సహా, దాని మీదే వేలాడాలి. పీట కింద వలయం అల్లుతాడు. ఇక ఆ వలయమే వాడు కూర్చునే చోటు. అక్కడ నిలబడి ముక్కు అందినంత మేరకు పైనా పక్కలా అల్లుకుంటూ పోతాడు. గది ఎంత ఉండాలో వాడి మెడే కొలిచి చెబుతుంది.

దీన్ని నేత అని సులువుగా అంటాం. మగ్గం మీద పడుగు ముందే బిగించి ఉంటుంది, నేతగాడు పేకను నడిపిస్తాడు. గిజిగాడికి ముందుగా బిగించినదేదీ లేదు. నిన్న అల్లిన పోగే ఇవాళ్టికి పడుగు. దూర్చిన పోగును వెనక్కి మలిచి మళ్లీ దూరుస్తాడు, అందుకే పట్టు లాగితే ఊడదు. గూటికి 500 సార్ల దాకా ఇలా చేనుకూ చెట్టుకూ తిరగాల్సి వస్తుంది.

ఇదంతా పుట్టుకతో వచ్చే విద్యేనా? ఆఫ్రికాలో ఉండే ఈ కుటుంబపు పిట్టల మీద శాస్త్రవేత్తలైన కొలియాస్ దంపతులు 1960లలో ప్రయోగాలు చేశారు. పచ్చి ఆకు దొరక్కుండా పెంచిన కుర్ర మగపిట్టలు తర్వాత ఆకు ఇచ్చినా సరిగా అల్లలేకపోయాయి. అల్లాలన్న తపన పుట్టుకతో వస్తుంది గానీ చెయ్యి తిరగడానికి సాధన కావాలన్నమాట. మా గట్టు మీదా కొన్ని వంకర గూళ్లు కనిపిస్తాయి, జుట్టు దువ్వుకోకుండా బడికొచ్చిన పిల్లాడిలా. అవి కుర్రాళ్లవే అని నా అనుమానం.

దాదాపు ఎనిమిది రోజులకు గూడు బోర్లించిన గిన్నెలా తయారవుతుంది. కింద అడ్డంగా ఒక పట్టీ ఉంటుంది, శిరస్త్రాణానికి గడ్డం కింద పట్టీ ఉన్నట్టు. సరిగ్గా ఇక్కడ పనివాడు ఆగిపోతాడు. గూటికి తలకిందులుగా వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తూ గోల పెడతాడు. ఆడపిట్టలు వస్తాయి. పట్టీ మీద కూర్చుంటాయి, లోపల అక్కడా ఇక్కడా పొడిచి లాగి చూస్తాయి. నచ్చితే ఉండిపోతాయి, లేకపోతే పక్క గూటికి పోతాయి. వీడి ఎనిమిది రోజుల చాకిరీకి తీర్పు ఆ కాసేపట్లో వచ్చేస్తుంది.

ఈ బేరాన్ని తేటతెల్లం చేసినవాడు పక్షిశాస్త్రవేత్త సలీం అలీ. 1930లో ఉద్యోగం లేక, బొంబాయికి దగ్గర్లోని కిహీం తీరంలో ఉన్నప్పుడు గిజిగాళ్ల గూళ్ల పక్కనే మాటు కట్టుకుని వానాకాలమంతా చూశాడు. ఆడపిట్ట ఒప్పుకున్నాకే మగవాడు గూడు పూర్తి చేస్తాడనీ, ఆమె గుడ్ల మీద కూర్చోగానే ఇంకో ఆడపిట్ట కోసం ఇంకో గూడు మొదలుపెడతాడనీ రాశాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1931లో ఆ వ్యాసం వచ్చింది. అదే ఏడు ఆయన హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వేకు వచ్చాడు. మన నేల మీది పిట్టల్ని ఊరూరా తిరిగి లెక్క రాసుకున్న మనిషికి అంతకుముందు ఏడాదే గిజిగాడు ఓపిక నేర్పి పంపాడని నేను సరదాగా అనుకుంటూ ఉంటాను.

ఆమె ఊ అన్నాక పని జోరందుకుంటుంది. పట్టీకి ఒక పక్క గుడ్లగది, రెండో పక్క కిందికి దిగే గొట్టం. మధ్యనున్న పట్టీ గడపలా అడ్డుంటుంది కాబట్టి ఈదురుగాలికి ఊగినా గుడ్లు దొర్లి గొట్టంలో పడవు. గది గోడ దట్టం, గొట్టం అల్లిక పలచన. ఎక్కడ బలం కావాలో, ఎక్కడ అక్కర్లేదో ఎంత లెక్క! మొత్తం గూటికి 18 రోజుల దాకా పడుతుంది. చెట్టులో నైరుతి గాలికి చాటుగా ఉండే తూర్పు వైపునే ఎక్కువ గూళ్లు కడతారు, వీలైతే నీళ్ల మీదికి వేలాడేలా.

గోడలకు లోపల మట్టిముద్దలు అంటిస్తారు. అందులో మిణుగురులను గుచ్చి దీపం పెట్టుకుంటారని చిన్నప్పుడు నాయనమ్మ చెబితే నమ్మాను. రాలిన గూళ్లు చాలా విప్పి చూశాను, మట్టి దొరికింది గానీ దీపం దొరకలేదు. గాలికి మరీ ఊగకుండా బరువు కోసమే ఆ మట్టి అన్న వివరణ ఉంది. నాకైతే నాయనమ్మ మాటే ఇష్టం.

చేను యజమాని మాత్రం గిజిగాడి పనితనానికి మురిసిపోడు. "మా ఆకు చీల్చి ఇల్లు కట్టుకుంటాడండీ. గింజ పాలు పోసుకోగానే అదీ వాడికే. మీరేమో దుర్భిణి పెట్టి దండం పెడుతున్నారు" అన్నాడు ఒకసారి. పిల్లలకు పురుగుల్నే ఏరి పెడతారండీ అని చెప్పబోయాను. ఆయన అప్పటికే డబ్బా వాయించుకుంటూ గట్టు దిగిపోయాడు.

కోతలయ్యాక గట్టు నిశ్శబ్దం. పాత గూళ్లలో మునియా పిట్టలు చేరతాయి. కిందటేడు నవంబరులో తీర్పు ఓడిన గూడొకటి, గిన్నె దగ్గరే ఆగిపోయినది, తాటాకుతో సహా రాలితే ఇంటికి తెచ్చాను. ఒక్క పోగు బయటికి తీద్దామని కూర్చుంటే అది నాలుగు చోట్ల దూరి, రెండు చోట్ల వెనక్కి మలుచుకుని, చివరికి నా వేళ్ల మధ్య తెగింది.

చిన్నప్పటి నుంచి తాటాకు చాపలల్లిన మా అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూసింది.

"ఇంత బాగా కట్టి మధ్యలో ఆపేశాడేం రా?"

"వచ్చిన ఆవిడకు నచ్చలేదమ్మా."

అమ్మ అద్దాలు పైకి తోసుకుని పట్టీ మీద వేలు పెట్టి ఒత్తింది. లోపలికి దూర్చి ఒకసారి లాగింది. "దీనికేం తక్కువైందట?" అంది.